కడిగేసిన వార్నిష్

గుడివాడ దగ్గర మా కాలేజీలో ఫ్యూజన్ రియాక్టర్ల కోసం ద్రవలోహాల మీద పరిశోధన చేస్తున్నానంటే, "ఇక్కడా?" అని చుట్టాలు నవ్వేవాళ్ళు. సూర్యుడిలాంటి మంటను అయస్కాంతాలతో పట్టి ఉంచే ఆ రియాక్టర్లలో వేడిని మోసుకుపోవాల్సింది కరిగిన లోహమే. కానీ అయస్కాంతాల మధ్య కదలగానే దానిలో కరెంటు పుడుతుంది. ఆ కరెంటు గొట్టం గోడల్లోకి దారి చేసుకుని లోహాన్నే వెనక్కి లాగుతుంది. లోపలిగోడకు కరెంటు పారని పూత ఉంటే ప్రవాహం తేలికవుతుంది. మామూలు వేడికే ద్రవంగా ఉండే లోహంతో ఇది చూపించగలిగితే నా ప్రాజెక్టు బతుకుతుంది. లేకపోతే మూసేస్తామని డబ్బిచ్చే కమిటీ ముందే చెప్పింది.

సన్నటి రాగిగొట్టం లోపల పూత వేయగల చెయ్యి చిలకలపూడిలో దొరికింది. రోల్డ్‌గోల్డ్ నగలకు కరెంటుతో బంగారప్పూత పెట్టే పెద్దాయన. చుట్టరికం లేకపోయినా మావయ్యగారనే పిలిచేదాన్ని.

"లోపలంతా వార్నిష్ పట్టించండి మావయ్యగారూ."

"ఎందుకమ్మా?"

ఫిజిక్స్ ఈయనకేం అర్థమవుతుందిలే అనుకుని, "మా లెక్కలు మావండీ" అని వచ్చేశాను. ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

గొట్టం బయటంతా బంగారంలా మెరుస్తూ వచ్చింది. ముచ్చటపడి చేశాడనుకున్నాను. లోపల చూడలేదు.

కమిటీ వచ్చిన రోజు ఇస్త్రీచొక్కా వేసుకుని ఆయనా వచ్చి వెనక నిలబడ్డాడు. పంపు వేశాను. పూత లేని పాత గొట్టంలో లోహం ఎలా ఈడ్చుకుంటూ నడిచిందో, ఇందులోనూ అంతే. కమిటీ పెద్ద నావైపు చూశాడు.

"పూత వేసినాయన సరిగ్గా వెయ్యలేదండీ" అన్నాను, ఆయన వింటుండగానే.

వాళ్ళు కార్లెక్కాక ఆయన నా దగ్గరికొచ్చాడు.

"రెండుసార్లు పట్టించానమ్మా. మేం వార్నిష్ రాసేది బంగారం అంటకూడని చోట. పూత తొట్టిలోంచి తీశాక కడిగేస్తాం, వార్నిష్‌తో సరుకు గడప దాటనివ్వం. బయటికి బంగారం కావాలేమో, లోపల అంటకూడదేమో అనుకున్నా. గోడలోకి కరెంటు పోకూడదని ఒక్కముక్క చెప్పుంటే ఉంచేసేవాణ్ణి కదమ్మా. కరెంటుని ఆపడం మాకు రోజూ ఉండే పనే."

తప్పు నాదని ఆయనతో అనలేకపోయాను.

వారానికి, ప్రాజెక్టు మూసేశామని ఉత్తరం వచ్చింది. మర్నాడే, నేను అడక్కుండానే ఆయన ఇంకో గొట్టం పంపాడు, లోపల వార్నిష్‌తో. అయస్కాంతాలు పెట్టెల్లో సర్దేలోపు బిగించి పంపు వేశాను. లోహం పరుగెత్తింది. చూసింది నేనూ, సామాను మోయడానికొచ్చిన ఇద్దరు హమాలీలూ.

"ఇంక విప్పేయమంటారా అండీ?" అన్నాడు ఒకతను.

విప్పేయమన్నాను.