నర్సింలన్న అడిగిన కాపీ

నర్సింలన్న ఇక లేడన్న వార్త నాకు పటాన్‌చెరు బస్టాండులో, రుద్రారం బస్సు ఎక్కబోతుండగా తెలిసింది. ఫోన్‌లో ఆయన భార్య, అనసూయ వదిన. "శంకర్, మీ అన్న పోయిండు" అని ఒక్క మాట అంది. నిశ్చేష్టుడినై నిలబడిపోయాను. కండక్టర్ రెండుసార్లు పిలిచినట్టు గుర్తు. నిజం చెప్పాలంటే దుఃఖం కన్నా ముందు నాకు కలిగింది భయం. ఆ భయమెందుకో చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నర్సింలన్న లక్డారం వాస్తవ్యుడు, మందుల కంపెనీలో ఎలక్ట్రీషియన్. అదే కంపెనీలో నేను స్టోర్స్ గుమాస్తాను. మా పారిశ్రామికవాడ కార్మికుల కోసం తన ఇంట్లో, మంచం పక్కనే, ఒక సర్వర్, అంటే అందరి రాతలూ దాచే కంప్యూటర్ పెట్టె, నడిపిన కర్మయోగి ఆయన. దాని పేరు 'షిఫ్టు ముచ్చట'. ఫోన్‌లో తెరిస్తే మామూలు సోషల్ మీడియాలాగే ఉండేది, కాకపోతే దాని మీద ఏ పెద్ద కంపెనీ పెత్తనమూ లేదు. ఇలాంటి చిన్న సర్వర్లను ఊరూరా ఎవరివి వాళ్ళు నడుపుకుంటారు. అవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి; అందరి కోసం రాసినవి ఒకదాని నుంచి మరోదానికి చేరతాయి.

అంతకుముందు మాకు ఒక పెద్ద యాప్‌లో గ్రూపు ఉండేది. ఒకరోజు ఎవరో రియాక్టర్ దగ్గర కాలిన చేతి ఫొటో పెట్టారు. మర్నాటికి గ్రూపే మాయం. యాప్ కంపెనీకి ఎన్నిసార్లు రాసినా మిషను పంపే జవాబే వచ్చింది.

"గోడకు మేకు కొట్టాలన్నా ఇంటి మాలిక్‌ను అడగాలె. వెళ్ళగొడితే ఎందుకని అడగొద్దు. ఇగ ఈ కిరాయి బతుకు చాలు" అన్నాడు అన్న.

"నీకెందుకన్నా ఈ పరేషాన్?" అని నేను నవ్వాను.

"మన ముచ్చట మనింట్ల ఉండాలెరా" అన్నాడు. అన్నమాట ప్రకారం నెల తిరక్కుండా పెట్టె తెచ్చి నడిపించాడు.

ఒకసారి, రుద్రారంలో ఉండే ఒక ఆపరేటర్, బీహార్ నుంచి వచ్చిన కార్మికులను కించపరుస్తూ ఏదో రాశాడు. అన్న తలచుకుంటే ఒక్క నొక్కుతో దాన్ని తీసెయ్యొచ్చు. తీయలేదు. నన్ను వెనక కూర్చోబెట్టుకుని స్కూటర్ మీద అతని ఇంటికి వెళ్ళాడు. చాయ్ తాగి, పత్తి సంగతి మాట్లాడి, లేచేముందు అన్నాడు: "నువ్వు రాసింది నువ్వే తీసెయ్ తమ్మీ. నేను తీస్తే నీకు కోపం మిగుల్తది." అతను తీసేశాడు. వచ్చీరాని హిందీలో మాఫీ కూడా అడిగాడు. ఏ పెద్ద కంపెనీ మన ఇంటికొచ్చి చాయ్ తాగుతుంది చెప్పండి.

అన్నకు ఉన్న దిగులల్లా ఒక్కటే. "నా ఇల్లు అంటుకున్నా జనాల మాటలు కాలొద్దు. రెండో కాపీ నీ ఇంట్ల ఉండాలె" అని నాకొక హార్డ్ డిస్కు ఇచ్చి, వారం వారం కాపీ తీసే పని నేర్పాడు. మొదటి వారానికే నాకు బద్ధకమేసింది. ఆ డిస్కు నిండా సినిమాలు నింపుకున్నాను. ప్రతి శుక్రవారం క్యాంటీన్‌లో "కాపీ తీసినవా రా?" అని అడిగేవాడు. "తీసిన అన్నా" అనేవాణ్ణి. ఏదీ చూపించమని ఒక్కనాడూ అనలేదు. ఆ నమ్మకానికి నేను తగనని ఆ మహానుభావుడికి తోచనే లేదు.

పోయిన మనిషి వాడుకున్నవి ఇంట్లో ఉంచరాదన్నది వాళ్ళ ఆనవాయితీ. మూడో రోజు మంచం, పరుపు, చెప్పులు వాకిట్లో పెట్టారు. రోజూ ఆయన చేయి పడ్డ వస్తువే కదా అని, సర్వర్ పెట్టెను కూడా వైర్లు పీకి పరుపు మీద పెట్టారు. పాత సామాన్ల ఆటో ఆగి ఉంది. వదిన అందరి ముందు నన్నడిగింది: "శంకర్, దీన్ల గింతమంది ముచ్చట్లున్నయంటరు. ఇచ్చెయ్యాల్నా, ఉంచాల్నా? కాపీ నీ తాన ఉన్నదని మీ అన్న చెప్తుండె."

ఉంచమంటే ఎందుకని అడుగుతారు. కాపీ లేదని చెప్పాల్సి వస్తుంది. చుట్టూ చుట్టాలు, కంపెనీ వాళ్ళు. నాకు సిగ్గు అడ్డమొచ్చింది.

"ఉన్నది వదినా. ఇచ్చెయ్యుండ్రి" అన్నాను.

మర్నాడు పొద్దున్నే పాత సామాన్ల దుకాణానికి పరుగెత్తాను. అప్పటికే పెట్టెను పగలగొట్టి ఇనుము ఇనుములో, రాగి రాగిలో వేశారు. బయటి సర్వర్లకు చేరిన రాతలు కొన్ని అక్కడక్కడా దొరికాయి. మన గుంపు దాటకూడదని జనం నమ్మి చెప్పుకున్నవి మాత్రం సమస్తం పోయాయి.

పోయిన వారం ప్యాకింగ్‌లో పనిచేసే సలీమా స్టోర్స్ కిటికీ దగ్గరికి వచ్చింది. నిరుడు చనిపోయిన ఆమె భర్త యూసుఫ్, డ్యూటీ ఎక్కేముందు రోజూ క్యాంటీన్ చాయ్ మీద ఏదో ఒక చమత్కారం తన గొంతుతో రికార్డు చేసి 'షిఫ్టు ముచ్చట'లో పెట్టేవాడు.

"శంకర్ భాయ్, ఆయన ఆవాజ్ ఒక్కటి తీసియ్యుండ్రి. పిల్లకు వినిపిస్త. మీ తాన ఉన్నదని అనసూయక్క చెప్పింది."

"చూస్త" అన్నాను. అదీ అబద్ధమే.

సలీమా, నన్ను క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. కాపీ లేదు. ఎన్నడూ లేదు.

నర్సింలన్న లేని లోటు తీర్చరానిది. అలాంటి నిష్కామ సేవాతత్పరుణ్ణి మా పారిశ్రామికవాడ మళ్ళీ చూడదు. ఆయనకు నమస్కరించడానికి నా చేతులు లేవడం లేదు. ఇది అచ్చయితే చదివినవాళ్ళందరికీ నా సంగతి తెలుస్తుంది. వదినకు చదువు రాదు. ఇంటికి వచ్చినవాళ్ళందరితో ఇప్పటికీ "ఫికర్ చెయ్యకుండ్రి, శంకర్ తాన ఉన్నయి" అంటోందట. ఆమె ఎదుట నిలబడి నేనే చెప్పాలి.