దెయ్యాల ప్రేమకథ విన్న అత్తగారు

తొంభైల చివర్లో, కాకినాడ నుంచి రామచంద్రపురం వెళ్ళే బస్సులో నవల చదువుకుంటున్నాను. పక్క సీటు పెద్దావిడ కథేంటని అడిగారు. చనిపోయిన భర్త దెయ్యమై వచ్చి, భార్య మరో పెళ్ళి చేసుకోకుండా ప్రేమగా కాపలా కాస్తాడని చెప్పాను.

"అదేం ప్రేమండి?" అన్నారావిడ. కిటికీ పక్కనున్న అమ్మాయిని చూపించి, "మా కోడలండి. మావాడు పోయి రెండేళ్ళయింది. పెళ్ళిచూపులకి తీసుకెళ్తున్నాను" అన్నారు.

మా వరంగల్ వైపు కోడలికి సంబంధం వెతికే అత్తగారిని నేనెప్పుడూ చూడలేదు.

కోడలు మెల్లగా అడిగింది. "మీ అబ్బాయి కూడా అలా అడ్డొస్తే ఏం చేద్దామత్తయ్యగారూ?"

"బతికున్నప్పుడు వాడెప్పుడైనా టైముకొచ్చాడేంటమ్మా? వాడొచ్చేలోపు మనం తాంబూలాలు పుచ్చేసుకుంటాం."

కోడలు పకపకా నవ్వింది. ఆ నవ్వు ఆగేలోపే అత్తగారు నావైపు తిరిగి, కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.