రాహుకాలంలో తిరగబడిన గామా మెరుపు

తిరుపతిలో పరిశోధన వెలగబెట్టిన ఆ రోజుల్లో నాకు భయాలు రెండే: ఒకటి నా గామా మెరుపు, రెండోది మా గైడు గారి పంచాంగం. ఎక్కడో ఓ నక్షత్రం చచ్చిపోతూ కొన్ని సెకన్లపాటు గామా కిరణాలు చిమ్ముతుంది. ఆ కాసేపట్లోనే వాటి శక్తి ఎలా మారుతుందో, మెరుపును కాలం ప్రకారం ముక్కలుగా కోసి లెక్కగట్టడం నా పని. సాధారణంగా మొదట ఉన్న తీవ్రత పోనుపోను తగ్గుతుంది (మా నాయన కోపం లాగే). ఆ శుక్రవారం సమీక్షలో నెగ్గితేనే నా ఫెలోషిప్ ఇంకో ఏడాది సాగుతుంది. లేదంటే చిత్తూరుకు పోయి నాయన మామిడికాయల మండీలో కూర్చోవడమే. "సదివింది సాలు, వచ్చేయ్ పాపా" అని ఆయన అప్పటికే ఫోను మీద ఫోను చేస్తున్నాడు.

బెంగళూరు నుంచి వచ్చిన పరీక్షకుడు రేణిగుంటలో మళ్లీ విమానం పట్టుకోవాలి. పదిన్నరకు మొదలుపెట్టబోతుంటే గైడు గారు చెయ్యి అడ్డం పెట్టారు. "రాహుకాలం వచ్చేసినాది. పన్నెండు దాకా ఎవురూ ఏమీ ముట్టుకోవద్దు. మీరు కాఫీ తాగండి సార్!" పరీక్షకుడు ముఖం కందగడ్డలా చేసుకుని గడియారం చూసుకున్నాడు. నేను ఊరికే కూర్చోలేక వరండాలోకి పోయి లాప్‌టాప్ తెరిచాను. గ్రాఫు చూస్తే ఏముంది? నా మెరుపు చల్లారడం లేదు, పోనుపోను మండుతోంది!

కొత్త విషయం కనిపెట్టేశానని ఒక్క క్షణం మురిసిపోయాను (ఎవరికి ఉండదు ఆశ?). ఆ తర్వాత గుర్తొచ్చింది. ముందురోజు నేను లెక్కకు కూర్చున్నదీ రాహుకాలంలోనే. ముఖ్యమైన మొదటి ముక్కలను ఆ వేళ ముట్టుకుంటే గైడు గారు ఊరుకోరని, చివరి నీరసపు ముక్కల నుంచి వెనక్కి చేసుకొచ్చాను. చేసిన వరుసలోనే గ్రాఫులోకి ఎక్కించేశాను. ఇప్పుడు సరిదిద్దాలన్నా రాహుకాలంలోనే ముట్టుకోవాలి, పన్నెండు కొట్టగానే అందరి ముందూ నిలబడాలి. స్తంభం చాటున వరుస తిప్పుతుంటే వెనక నుంచి గైడు గారి గొంతు.

"ఏమ్మా, ఆడ ఏం జేస్తాండావు?"

"దేవుణ్ణి తలుచుకుంటాండా సార్." (అబద్ధమేమీ కాదు.)

"తలుచుకో, తలుచుకో. ఈ టైములో అదే మంచిది" అంటూ వెళ్లిపోయారు.

గ్రాఫు దారికొచ్చేసరికి లోపల నుంచి పిలుపొచ్చింది. పరీక్షకుడు మొదటి ప్రశ్నే దాని మీద వేశాడు: "ముక్కల వరుస సరిచూశారా?" సరిచూశానన్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసి, తల ఊపి సంతకం పెట్టేశాడు. నాకు అక్కడే ఏడుపొచ్చింది. గైడు గారు మాత్రం ఛాతీ విరుచుకున్నారు. "సూసినావా, రాహుకాలం పోయినాక మొదలుపెడితే ఎట్లుంటాదో!" నేను బుద్ధిగా తలూపాను.

ఇప్పుడు నా దగ్గరా పిల్లలు పరిశోధన చేస్తున్నారు. నాకు రాహుకాలం మీద నమ్మకం లేదు. అయినా వాళ్ల సమీక్షలన్నీ శుక్రవారమే పెట్టి, పదిన్నరకే అందరినీ రప్పించి, పన్నెండు దాటేదాకా మొదలుపెట్టనివ్వను. మేడమ్‌కు చాదస్తం ముదిరిందని చాటుగా నవ్వుకుంటారట. నవ్వుకోనీ. ఎవరో ఒకరు వరండాలోకి పోయి లాప్‌టాప్ తెరుస్తారు కదా.