అమ్మ సాక్ష్యం తర్వాత

ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట ఇది. అమ్మ సాక్ష్యం చెప్పిన ఆదివారం, మందిరమంతా చప్పట్లు కొడుతుంటే నాకు సంతోషం కలగలేదు. భయం వేసింది. అయినా అందరితో పాటు చప్పట్లు కొట్టాను.

మా మందిరం షేక్‌పేటలో, ఏసీలు బాగుచేసే షాపు పైన ఒక హాలు. పాటలయ్యాక, వాక్య ప్రసంగానికి ముందు, సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు తనకు చేసిన మేలును ఎవరైనా మైకు దగ్గరికి వచ్చి చెప్పవచ్చు. ఉద్యోగం వచ్చిందని ఒకరు చెబుతారు, బిడ్డకు జ్వరం తగ్గిందని ఇంకొకరు. అలా చెప్పిన మాట ఆ మనిషి దగ్గరే ఉండిపోదు. మరుసటి వారం దాన్ని తలచుకుని వేరేవాళ్లు ప్రార్థిస్తారు. కష్టంలో ఉన్నవాళ్ల ఇంటికి వెళ్లి, "ఆ అక్కకు చేసిన దేవుడు నీకు చేయడా?" అని ధైర్యం చెబుతారు.

అమ్మకు చాలా ఏళ్లుగా షుగరు. ఆ మధ్య ఉపవాస ప్రార్థనలు చేసింది. అవి అయ్యాక పరీక్ష చేయిస్తే షుగరు బాగా తగ్గింది. మాత్రలు వేసుకుంటూ తిండి తగ్గిస్తే తగ్గదా అని నాకనిపించింది. అమ్మకు అలా అనిపించలేదు. మైకు పట్టుకుని, "నా దేవుడు నన్ను ముట్టాడు. ఇయ్యాల్టి నుంచి నేను మాత్ర వేసుకోను" అంది. ముందు కూర్చున్న పెద్దవాళ్లు "స్తోత్రం, స్తోత్రం" అన్నారు. మేము అయ్యగారు అని పిలిచే పాస్టరుగారు కళ్లు మూసుకుని చప్పట్లు కొట్టారు.

నేను ఫిల్మ్ నగర్‌లో డబ్బింగ్ పని చేస్తాను. హీరోయిన్లకు కాదు, గుంపుకు. పెళ్లిలోనో గొడవలోనో వెనకాల నిలబడ్డ జనానికి గొంతులు కావాలి. కొంతమందిమి మైకు చుట్టూ చేరి "అయ్యయ్యో", "పట్టుకోండి", "ఎవరమ్మా ఆ పిల్ల" అని గోల చేస్తాం. అందులో ఏ ఒక్క గొంతూ విడిగా తెలియకూడదు. తెలిస్తే మళ్లీ మొదటి నుంచి చెప్పిస్తారు. మా ఇన్‌చార్జి ఒకసారి అందరి ముందూ నన్ను మెచ్చుకున్నాడు. "గీ మేడంను చూసి నేర్చుకోండి జర. ఎంత మంచిగ కలుస్తది! ఉన్నదా లేదా అన్నట్టే ఉంటది." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాకు ఆ పని నచ్చడానికి కారణం అదే మరి.

ఇంటికి వచ్చి పుస్తకాలు చదువుకుంటాను, డైరీ రాసుకుంటాను. నవలల్లో ఆడవాళ్లు మాట్లాడాల్సిన చోట మాట్లాడతారు. ఆ పేజీలు నేను మళ్లీ మళ్లీ చదువుతాను. అంతకంటే ఏమీ చేయను.

ఎండలు మొదలయ్యాక అమ్మ తెగ నీళ్లు తాగడం మొదలుపెట్టింది. కొత్త చెప్పు కరిచి ఎడమ కాలి చిటికెన వేలు దగ్గర చిన్న పుండు పడింది. అది మానలేదు, నల్లబడింది. అమ్మ ఆదివారాలు సాక్సులు వేసుకుని మందిరానికి రావడం మొదలుపెట్టింది. ఆ ఎండలో సాక్సులేంటని ఎవరో అడిగితే, "పాదాలు పగిలినయ్యమ్మా" అంది.

"మాత్ర వేసుకోమ్మా. ఎవరికీ తెలియదు" అన్నాను ఒకరోజు వంటింట్లో.

"నాకు తెలుస్తది. ఆయనకి తెలుస్తది" అంది, కూర కలుపుతూనే. "అంతమంది ముందు చెప్పానే. ఇప్పుడు వేసుకుంటే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు కాదా?"

నాన్న షూటింగులకు వ్యాను నడుపుతారు. మాత్రల గురించి అమ్మతో గొడవ పడి విసిగిపోయారు. "హీరోలన్నా ఎప్పుడన్నా నా మాట వింటారేమో గానీ, మీ అమ్మ వినదు. నువ్వు చెప్పు. చదువుకున్నదానివి" అన్నారు. నేను అప్పటికే చెప్పానని ఆయనతో అనలేదు.

ఆ రోజుల్లో నా ప్రార్థన ఒక్కటే. అమ్మకు కలలో కనబడి మాత్ర వేసుకోమని నువ్వే చెప్పు ప్రభువా, అని. వెంటనే ఇంకో భయం పుట్టేది. నాకు వేసిన భయం అవిశ్వాసమేనేమో! పుండు మానకపోవడానికి, చప్పట్లు కొట్టి కూడా నమ్మనిదాన్ని నేను ఇంట్లో ఉండటమే కారణమేమో! ఈ ఆలోచన పిచ్చిదని పగలు అనిపించేది. మోకాళ్ల మీద ఉన్నప్పుడు అలా అనిపించేది కాదు. అమ్మ నమ్మకం నిజమైతే నేను పాపిని. నా భయం నిజమైతే అమ్మ నడుచుకుంటూ ప్రమాదంలోకి పోతోంది. రెండిట్లో ఏది నిజం కావాలని కోరుకోవాలో కూడా తెలియలేదు.

ఒక ఆదివారం, ఆరాధనకు ముందు మెట్ల దగ్గర, మా పక్క వీధిలో ఉండే ఒకావిడ అమ్మ చెయ్యి పట్టుకుంది. ఆమెకూ షుగరే, రోజూ ఇంజెక్షన్ పొడుచుకుంటుంది. "అక్కా, నీ సాక్ష్యం విన్నకాడి నుంచి నాకు అదే మనసులో ఉంది. నేను కూడా ఇంజెక్షన్ మానేద్దామనుకుంటన్నా. ఏమంటావు?"

అమ్మ ముఖంలో నవ్వు ఆగిపోయింది. నేను అమ్మ నోటి వైపే చూస్తున్నాను. అమ్మ వద్దనీ అనలేదు, మానేయమనీ అనలేదు. "ప్రార్థన చేసుకో తల్లీ" అని, కుడి కాలి మీద బరువు వేసి మెట్లెక్కింది.

వాక్యమయ్యాక అయ్యగారు ప్రార్థన విన్నపాలు అడిగారు. ఎవరైనా లేచి విన్నపం చెబితే, వెంటనే అందరూ ఒక్కసారిగా గొంతెత్తి ప్రార్థిస్తారు. నేను లేచాను. లేవాలని ముందు అనుకోలేదు. ఇంజెక్షన్ మానేద్దామనుకుంటున్న ఆవిడ నా ముందు వరసలోనే కూర్చుంది. ఆమె జడ చూస్తూ మాట్లాడాను.

"మా అమ్మ కాలికి పుండు పడింది. మానడం లేదు. నల్లబడింది. అమ్మ మళ్లీ మాత్రలు వేసుకోవాలని ప్రార్థన చేయండి."

ఎవరూ ప్రార్థన మొదలుపెట్టలేదు. అమ్మ నా కొంగు పట్టి కిందికి లాగింది. అయ్యగారు దిగివచ్చి మా వరస దగ్గర నిలబడ్డారు. ఆయన ముఖం పాలిపోయింది.

"మందులు మానమని నేను ఎప్పుడన్నా చెప్పానా అమ్మా?"

"చెప్పలేదు అయ్యగారూ" అంది అమ్మ, తల ఎత్తకుండా. "చప్పట్లు కొట్టారుగా."

ఆయన జేబులోంచి కారు తాళంచెవి తీశారు. ఆయన కారులోనే ఆసుపత్రికి వెళ్లాం. మెట్ల దగ్గర అడిగిన ఆవిడ కూడా మాతో వచ్చింది, దారంతా ఏడుస్తూ. డాక్టరు సాక్సు విప్పించి, కాలు చూసి, కబురందుకుని వచ్చిన నాన్నను బయటికి పిలిచారు. అమ్మ చిటికెన వేలు తీసేశారు. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే పాదమే పోయేదన్నారు. పుండు ఇంకా పూర్తిగా మానలేదు. పక్క వేలికి పాకుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమంటున్నారు.

మందిరంలో కొందరు నాతో మునుపటిలా మాట్లాడటం లేదు. తల్లిని అలా నలుగురిలో బయటపెట్టే పిల్ల ఉంటుందా అని ఒకామె నాకు వినబడేలాగే అంది. ఆమె మాటలో తప్పు నాకు కనబడలేదు. నేను చేసింది కూడా తప్పు అనిపించలేదు. ఈ రెండూ నా లోపల పక్కపక్కనే ఉంటున్నాయి. మందిరానికి వెళుతున్నాను. కలలో నువ్వే చెప్పు అని అడగడం మానేశాను. ఇప్పుడు నా ప్రార్థనలో మాటలు తక్కువ. జవాబు వస్తోందో లేదో తెలియదు. అయినా మోకరించకుండా ఉండలేకపోతున్నాను. దీన్ని విశ్వాసం అనవచ్చో లేదో అయ్యగారిని అడగాలని ఉంది. ఇంకా అడగలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక అమ్మ నాతో మాట్లాడలేదు. ఏం కావాలన్నా నాన్నతో చెప్పించేది. కట్టు మార్చేటప్పుడు కాలు నా వైపు చాపేది, ముఖం గోడ వైపు తిప్పుకునేది. మాత్ర మాత్రం నాన్న ఇస్తే వేసుకునేది.

ఈరోజు పొద్దున నాన్న షూటింగుకు వెళ్లిపోయారు. మాత్ర నేనే ఇవ్వాల్సి వచ్చింది. అమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని అడిగింది.

"ఇది వేసుకుంటన్నాను కదా. ఆ రోజు ఆయన నన్ను ముట్టాడన్నది అబద్ధమైపోద్దా? అన్ని పుస్తకాలు చదువుతావుగా, చెప్పు."

ఆమె నాతో మాట్లాడినందుకే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏదైనా మంచి జవాబు చెప్పాలనుకున్నాను.

"నాకు తెలియదమ్మా" అన్నాను.

మాత్ర నోట్లో వేసుకుంది, నీళ్లు తాగింది. గ్లాసు నా చేతికిస్తూ, ఇన్నాళ్లకు మొదటిసారి నా ముఖంలోకి చూసింది.

"తెలియకుండానే అంతమంది ముందు లేచి అంత మాట అన్నావటే?"