ఎరుపు పక్కన నలుపు

కొత్త పేక కట్ట మీది పల్చని కాగితం చింపగానే ఒక వాసన వస్తుంది. రంగు, మైనం, అట్ట కలిసిన వాసన. రెండు మూడు ఆటలయ్యాక అది పోతుంది, ఆ తర్వాత ముక్కలకు మనుషుల చేతుల వాసనే ఉంటుంది. పోయిన శుక్రవారం మధ్యాహ్నం రియాద్ అంచున సులైలోని మా కార్మికుల క్యాంపులో, భోజనాలయ్యి బల్లలు తుడిచాక, నిర్మల్ నుంచి కొత్తగా వచ్చిన ఎలక్ట్రీషియన్ ఒకతను కట్ట విప్పి, బలూత్ నేర్పమని నా ముందు పెట్టాడు. రెండు నుంచి ఆరు దాకా చిన్న ముక్కలు ఏరి పక్కన పెడుతుంటే ఆ వాసన తగిలింది. నా చేతులు ఆగిపోయాయి. ముక్కలు ముట్టే ముందు జేబులోంచి తెల్ల చేతిరుమాలు తీసి, ఒక్కో వేలూ విడిగా తుడుచుకునే మనిషి గుర్తొచ్చాడు. ఆయన పేరు ఖాజా హుసేన్. రాయచోటి దగ్గరి మనిషి. మీరెవరూ ఆయన్ను చూసి ఉండరు. ఆయనకు నేను చేసిన అన్యాయం గురించి రాయడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది.

నాది జగిత్యాల వైపు పల్లె. రియాద్‌లో ఏసీలు బిగించడం, బాగుచేయడం నా పని. ఊళ్లో ఉన్నప్పుడు రమ్మీ ఆడేవాణ్ని. ఇక్కడికొచ్చాక సౌదీలు ఇష్టంగా ఆడే బలూత్‌ను ఫోన్‌లో ఆడి నేర్చుకున్నాను. అది నలుగురి ఆట. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. ముప్పై రెండు ముక్కలు, మనిషికి ఎనిమిది. పందెం లేదు. ఓడిన జట్టు అందరికీ చాయ్ పోయాలి, అంతే. నా గదిలో ఉండే మల్లేశ్‌కు నేనే నేర్పి జట్టు చేసుకున్నాను. ఏడాది తిరిగేసరికి క్యాంపులో మమ్మల్ని ఓడించేవాళ్లు లేరు. ఎర్రటి ఎండలో డాబాల మీద బోల్టులు బిగించే మనిషిని శుక్రవారం మధ్యాహ్నం ఇరవై మంది చుట్టూ నిలబడి చూస్తుంటే అతని తల ఎక్కడుంటుందో చెప్పనక్కర్లేదు. నా తల అక్కడే ఉండేది.

ఖాజా భాయ్‌ని మొదటిసారి చూసింది అబూ ఫహద్ గారి ఇస్తిరాహాలో. ఊరి అంచున, ప్రహరీ గోడల మధ్య, సౌదీలు సెలవు రోజున స్నేహితులతో కూర్చునే తోట ఇల్లు అది. అబూ ఫహద్ బడిపంతులుగా చేసి రిటైరైన పెద్దమనిషి. స్ప్లిట్ ఏసీ నీళ్లు కారుతోందని పిలిస్తే వెళ్లాను. నిచ్చెన మీదినుంచి కిందికి చూస్తే తివాచీ మీద ఆట నడుస్తోంది. ముగ్గురు సౌదీలు, నాలుగోవాడు మనవాడు, ఖాజా భాయ్. పేటలోని ఇస్తిరాహాలన్నీ కలిసి ఏటా ఆడుకునే పోటీల్లో అబూ ఫహద్ జట్టు వరసగా గెలుస్తోందనీ, ఆయన ఎదుట కూర్చునేది ఆయన డ్రైవరేననీ క్యాంపులో విన్నాను. ఆ డ్రైవర్ నాలుగు చుట్లు తిరిగేసరికి ఎవరి చేతిలో ఏముందో చెప్పేస్తాడని కూడా విన్నాను.

సరదాగా ఆడుకునేవాడికి గొప్ప ఆటగాడు ఎదురైతే భక్తి పుడుతుందంటారు. నాకు మొదట పుట్టింది నిరాశ. విసురుగా ముక్క వేయడు, కళ్లెగరేయడు, గెలిచినప్పుడు తివాచీ చరచడు. మా క్యాంపులో ఎవరైనా వేసే ముక్కలే వేస్తున్నాడు. కాసేపు చూశాక నిరాశ పోయి భయం వచ్చింది. ఆ మామూలు ముక్కలన్నీ ఒక్కొక్కటే సరైన చోట పడుతున్నాయి. ఆ భయం వెనకే ఇంకో కోరిక పుట్టింది. ఈ మనిషి నన్ను చూడాలి, నా ఆట చూడాలి, నన్ను గుర్తుపెట్టుకోవాలి. పని అయ్యాక గేటు దాకా వచ్చిన ఆయనతో తెలుగులో మాట కలిపి, నేనూ ఆడతానని చెప్పాను. ఏ ఊరు, ఇంటిదగ్గర ఎవరెవరున్నారు అని అడిగాడే గాని ఆట మాట ఎత్తలేదు. అది అవమానంలా తోచింది. ఒక శుక్రవారం మా క్యాంపుకు రమ్మని ఆరు వారాలు వెంటబడ్డాను.

వచ్చాడు. తనతో జట్టుగా మా ఈజిప్షియన్ ఫోర్‌మన్‌ను కూర్చోబెట్టుకున్నాడు. చేతిరుమాలుతో వేళ్లు తుడుచుకోవడం చూసి మల్లేశ్ నా చెవిలో, "ఏందిరా నీ ఉస్తాద్, పెండ్లి బంతిల కూసున్న తాత లెక్కున్నడు" అన్నాడు. నవ్వాను. మొదటి గంటలోనే నవ్వు పోయింది. అయినా ఆ రోజు మాకు ముక్కలు బాగా పడ్డాయి. రెండు జట్లూ గెలుపుకు ఒక్క పంపకం దూరంలో నిలిచాయి. నా వెనక క్యాంపు మొత్తం గుమిగూడింది.

ఆ పంపకంలో ఇస్పేటు తురుపు. ఖాజా భాయ్ ఆఠీన్ ఆసు దించాడు. బలూత్‌లో కూడా మన ఆటల్లాగే వేసిన రంగు చేతిలో ఉంటే ఆ రంగే వేయాలి, లేకపోతేనే తురుపుతో కోయాలి. రంగు దాచుకుని కోస్తే అవతలివాడు 'గైద్' అంటాడు, ఆ పంపకం పాయింట్లన్నీ వాళ్లకే పోతాయి. కాకపోతే ముక్కలు కలిపేలోపే అనాలి. నా చేతిలో ఆఠీన్లు లేవనుకున్నాను. ఇస్పేటు ఏడుతో ఆసును కోశాను. జనం అరిచారు. మరుక్షణం చూసుకుంటే, డైమండ్ తొమ్మిది వెనక అంటుకుని ఆఠీన్ ఎనిమిది ఉంది, రెండూ ఎరుపే.

కోసినప్పుడు అది పొరపాటే. దేవుడి ముందైనా ఆ మాట చెప్పగలను. ఆ తర్వాతిది మాత్రం పొరపాటు కాదు. ముక్క చూశాను, నోరు మూసుకున్నాను. మిగతా చుట్లన్నీ దాన్ని వేళ్ల సందున దాచాను. చివరి చుట్టులో మల్లేశ్ గెలిచే ముక్క దించగానే క్యాంపు లేచి కేకలు పెట్టింది. ఆ గోలలో నా ఎనిమిదిని బోర్లా వేసి మిగతావాటితో కలిపేశాను. తలెత్తితే ఖాజా భాయ్ నన్నే చూస్తున్నాడు. కోపంగా కాదు. ఏదో చెప్పబోతున్న మనిషి చెప్పేదాకా ఆగుదామన్నట్టు చూశాడు. నేను మల్లేశ్ వైపు తిరిగి చేతులు కలిపాను. ఆయన లేచి అందరికీ చాయ్ పోశాడు. నా గ్లాసు కూడా నింపాడు.

మల్లేశ్ ఆ గెలుపును ఫోన్‌లో తీసి గ్రూపుల్లో పెట్టాడు. అందులో నా ముక్కలు కనబడవు, ఖాజా భాయ్ వంచిన తల కనబడుతుంది. అది నెలలోపే అబూ ఫహద్ స్నేహితుల దాకా పోయింది. నీ ఉస్తాద్‌ను ఏసీల పనివాడు ఓడించాడట కదా అని వాళ్లు ఆయన్ను ఆటపట్టించారు. ఆయనకు రోషమెక్కింది. ఆ ఏడాది పోటీకి తన ఎదుట కూర్చోమని నాకు కబురు పంపాడు.

ఆ చోటు ఖాజా భాయ్‌కి ఏమిటో నాకు తెలుసు. ఇరవై రెండేళ్లుగా ఆయన ఆ ఇంటికి బండి తోలాడు, సామాన్లు మోశాడు, పిల్లల్ని బడికి దింపాడు. వారంలో ఒక్క సాయంత్రం, ఆ తివాచీ మీద, యజమాని కళ్లకు ఎదురుగా కళ్లు పెట్టి సమానంగా కూర్చునేవాడు. అది తెలిసీ, వస్తానన్నాను.

పోటీ రోజు కారు క్యాంపు దగ్గరికే వచ్చింది. వెనక సీట్లో అబూ ఫహద్, ఆయన పక్కన నేను. బండి తోలుతున్నది ఖాజా భాయ్. దారంతా పెద్దాయన అరబ్బీలో నాకు ఆట మెళకువలు చెబుతూ వచ్చాడు. రింగ్ రోడ్డు మీద ఎగ్జిట్ పదహారు దాటాక ఆయన ఫోన్ అందుకున్నాడు. అప్పుడు ముందునుంచి తెలుగులో, రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండానే ఖాజా భాయ్ అన్నాడు.

"ముక్కలు అందుకోంగానే రంగులు ఏరుకుంటావు గదా. ఎరుపు పక్కన ఎరుపు పెట్టగాకబ్బీ. నడాన నలుపు పెట్టుకో. కండ్లు మోసం చేస్తాయి."

నా చేతిలో ముక్కలు ఏ వరసలో ఉన్నాయో ఈ మనిషి చూడకుండానే చూశాడు. పొరపాటు సరిగ్గా ఎక్కడ జరిగిందో ఆయనకు తెలుసు. ఆ తర్వాత నేనేం చేశానో కూడా తెలిసే ఉంటుంది. అయినా ఆ మాటలో దెప్పిపొడుపు లేదు. చేతకానివాడికి చేతనైనవాడు చెప్పే మాట, అంతే. పక్కన అబూ ఫహద్ ఉన్నాడు. నాకు వచ్చిన అరబ్బీలో రెండు ముక్కలు చాలు. 'ఆ రోజు నేను మోసం చేశాను, ఆయన్ను కూర్చోబెట్టండి' అంటే సరిపోయేది. కారు ఆగేదాకా కిటికీలోంచి బయటికి చూశాను.

మొదటి రౌండులోనే ఓడిపోయాం. ఎదుట కూర్చున్నవాళ్లు నిజమైన ఆటగాళ్లు. నేను ముక్క తీయకముందే వాళ్లకు అది తెలిసినట్టుండేది. అబూ ఫహద్ నన్ను మళ్లీ పిలవలేదు. అయితే రోషం కొద్దీ ఖాజా భాయ్‌నీ తివాచీ మీదికి పిలవలేదు. ఆయన స్థానంలో ఎవరో మేనల్లుడు కూర్చున్నాడు. ఏసీ సర్వీసుకు వెళ్లినప్పుడు చూశాను. ఖాజా భాయ్ నిలబడి అందరికీ గహ్వా కాఫీ పోస్తున్నాడు. పోస్తూ ఒక్కసారి కూడా ముక్కల వైపు చూడలేదు.

ఏడు నెలల తర్వాత ఆయన ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా, ఇండియాకు వెళ్లిపోతున్నాడని తెలిసింది. సులైలోని ఒక వర్క్‌షాపులో దొరికాడు. కొత్త డ్రైవర్‌కు అప్పజెప్పే ముందు కారుకు ఆయిల్ మార్పిస్తున్నాడు. పాత టైర్ల మీద కూర్చున్నాం. ఎండ రేకుల మీద పడి గాలి కూడా వేడెక్కింది.

"భాయ్, ఆ శుక్రవారం ఆటల నేను..." అని మొదలుపెట్టాను.

"ఆఠీన్ ఎనిమిది" అన్నాడు. "తెలుసు."

"మరి గైద్ ఎందుకు అనలే?"

ఆయన రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "నీ ఎనక మీ వోళ్లంతా నిలబడి ఉండారు. నువ్వే చెప్తావులే అని జూసినా. ముక్కలు కలిసిపాయె. కలిసినాక ఇంగ నోరిప్పకూడదబ్బీ, అది మనిషి ఎనకమాల మాట్లాడినట్ల. మా సారు అడిగినాడు, ఏం జరిగిందని. ఓడిపోతి అని చెప్పినా."

అబూ ఫహద్‌కు నేను చెప్తానన్నాను. ఆయన చాలాసేపు కారు కింది మెకానిక్ కాళ్లను చూస్తూ కూర్చున్నాడు. "నా కోసరం అయితే చెప్పొద్దు. నేను పోతాండా. నీ కోసరం అయితే, అది నీ పని" అన్నాడు.

ఆయన వెళ్లడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఆ తొమ్మిది రోజుల్లో చెప్పి ఉంటే, కనీసం ఒక్క సాయంత్రం ఆయన మళ్లీ ఆ తివాచీ మీద కూర్చునేవాడు. పని ఒత్తిడి అనుకున్నాను, అరబ్బీ సరిగా రాదనుకున్నాను. నిజానికి ఒక్క వీడియోలో ఉన్న నా మొహాన్ని పోగొట్టుకోలేకపోయాను. ఆయన వెళ్లిన మూడో రోజున ఇస్తిరాహాకు వెళ్లి, అందరి ముందూ చెప్పాను. మేనల్లుడు నవ్వబోయి ఆగిపోయాడు. అబూ ఫహద్ ముక్కలు కింద పెట్టి రాయచోటికి ఫోన్ చేశాడు. సలాములు వినబడ్డాయి, తర్వాత ఆయన ఎక్కువ విన్నాడు, తక్కువ మాట్లాడాడు. ఫోన్ పెట్టేసి నాతో అన్నాడు, నిన్ను ఎప్పుడో క్షమించానంటున్నాడు, నన్ను మాత్రం ఇంకా పరాయివాడిలా సార్ అనే పిలుస్తున్నాడు అని. ఆ తర్వాత నా వైపు చూడలేదు. ఆ మాటలో నా మీద కన్నా తన మీదే ఎక్కువ కోపం ఉందని ఇప్పుడనిపిస్తుంది. ఆ గేటులోకి నేను మళ్లీ అడుగుపెట్టలేదు.

గొప్ప ఆటగాడు నన్ను గుర్తుపెట్టుకోవాలని కోరుకున్నాను. పెట్టుకున్నాడు, ముక్కతో సహా.

నిర్మల్ అతను ఎనిమిది ముక్కలు అందుకుని విసనకర్రలా పరిచాడు. ఆఠీన్లు, వాటి పక్కనే డైమండ్లు. అందరూ మొదట అలాగే పెడతారు. ముక్కలు కింద పెట్టమన్నాను. "ఎందుకన్నా, గప్పుడే తప్పు చేసిన్నా?" అన్నాడు.

లేదన్నాను. ఎరుపు పక్కన ఎరుపు ఎందుకు పెట్టకూడదో చెప్పాను. ఆ మాట నాకు చెప్పిన మనిషి పేరు చెప్పాను. ఇదే బల్ల దగ్గర ఆయన ఓడిపోయాడని ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతున్న ఆట ఉందే, దానిలో ఓడింది ఆయన కాదని, గెలిచింది నేను కాదని చెప్పాను. ఎవరికి నేర్పినా ముందు ఈ కథ చెబుతాను, ముక్కలు పంచేది ఆ తర్వాతే. అతను తన కళావర్లను తీసి ఆ రెండు ఎరుపుల మధ్య పెట్టుకున్నాడు.