తవుడుకు కొన్న బిడ్డ

మా అమ్మను తవుడుకు కొన్నారు. జమ్మలమడుగు పక్క పల్లెలో మా అవ్వకు వరసగా ముగ్గురు బిడ్డలు పురిట్లోనే పోయారు. నాలుగో కాన్పులో అమ్మ పుట్టగానే చేటలో పెట్టి పెంటదిబ్బ మీద పడుకోబెట్టారు. పక్కింటామె ఎత్తుకొచ్చి, చేటెడు తవుడు తీసుకుని అవ్వకే మళ్లీ అమ్మింది. ఇది నీ బిడ్డ కాదు, కొన్న బిడ్డ అని చావును ఏమార్చడానికట. అంతటితో ఊరుకున్నా బాగుండేది. అవ్వ తన చెయ్యే మంచిది కాదనుకుంది, ఎత్తుకోవడం ఎవరన్నా చూస్తే సొంత బిడ్డేనని చావుకు తెలిసిపోతుందనీ భయపడింది. పాలిచ్చేటప్పుడు తప్ప బిడ్డను ముట్టుకునేది కాదు. ఏడిస్తే వినపడనట్టు దొడ్లోకి వెళ్లిపోయేది. అలా ఐదేళ్లు. అమ్మ ఈ కథ నవ్వుతూ చెప్పేది. నాకు మాత్రం ఒళ్లు మండేది.

ఇప్పుడు అమ్మ ప్రొద్దుటూరులో నా దగ్గరే ఉంది. మతిమరుపు జబ్బు. నేనెవరో తెలియక ఏడాదైంది. చెయ్యి వేస్తే చాలు, బిగుసుకుపోయి రక్కుతుంది. పది రోజులు స్నానం లేక నడుము కింద పుండు లేచింది. అది ముదిరితే ప్రాణానికే ముప్పు, రోజూ కడిగి మందు రాయాల్సిందేనన్నాడు పులివెందుల డాక్టరు. అమ్మ చిన్నతనం గురించి కూడా అడిగితే చెప్పాను. పసితనంలో ఎవరూ ఎత్తుకోక, దిగులుతో పెరిగినవాళ్లకు ముసలితనంలో ఈ జబ్బు ముప్పు కొంత ఎక్కువ కావచ్చట. మీ అమ్మకు మాత్రం ఇదే కారణమని ఎవరూ చెప్పలేరన్నాడు. చెప్పలేనివాడివి ఎందుకు చెప్పావయ్యా అని లోపలే తిట్టుకున్నాను. తిరిగొచ్చే బస్సు ముద్దనూరు దాటేదాకా, ఎప్పుడో పోయిన అవ్వను కూడా తిట్టాను.

మర్నాడు పొద్దున, గట్టిగా పట్టుకునైనా సరే కడగాలని నీళ్లు కాచి కొంగు దోపుకున్నాను. అమ్మ గోడ మూలకు ముడుచుకుపోయింది. నా ఓపిక చచ్చిపోయింది. చెంబు పడేసి తడినేల మీదే కూలబడి ఏడ్చాను.

అమ్మ కాసేపు నన్నే చూసింది. మెల్లగా జరిగొచ్చి, వాకిలి వైపు తొంగిచూసి, నా చెవిలో అంది.

"మా, ఈడ ఎవురూ ల్యారు. ఒక్కసారి ఎత్తుకో మా."

డెబ్బై ఆరేళ్ల మనిషి. ఒళ్లోకి లాక్కున్నాను. నేను నీ కూతురినని చెప్పడానికి నోరు రాలేదు. పుండు కడుగుతుంటే కిక్కురుమనలేదు. చూపు మాత్రం వాకిలి మీదే ఉంది.

"ఎవురన్నా వస్తే దించెయ్ మా," అంది. "నేను ఏడ్సనులే."