వెనక్కి నడిచిన మీటరు

ఆయన ఇరవై ఆరేళ్లుగా ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చదువుతున్నాడు. జనం పెట్టిన పేరు డేగ. తీగలకు కొక్కెం తగిలించి కరెంటు లాగేవాళ్లనీ, మీటరుకు అయస్కాంతం అంటించి దాని నోరు నొక్కేవాళ్లనీ ఎందరినో పట్టుకున్నాడు. ఆయన సైకిలు బెల్లు వినబడితే ఏ పాపం ఎరగనివాళ్లు కూడా తమ మీటరు వంక ఓసారి భయంగా చూసుకునేవారు.

అలాంటి మనిషికి ఓ ఉదయం దర్జీ ఆవిడ ఇంట్లో గుండె ఆగినంత పనైంది. కిందటి నెల నాలుగు వందల పన్నెండు ఉన్న అంకె ఈ నెల మూడు వందల ఎనభై తొమ్మిదికి దిగింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. అంతే ఉంది.

"మీటర్ని ఏం చేశావమ్మా?"

"నేనేం చేస్తా అన్నయ్యా, బట్టలు కుట్టుకునేదాన్ని!"

ఆయన వింటేనా! మీటరు వెనకా, కిటికీ మీదా, గుడ్డల మూటల కిందా తడిమాడు. చివరికి కుట్టుమిషను సొరుగులో గుప్పెడంత అయస్కాంతం దొరికింది.

"ఇదేంటి మరి?"

"కిందపడ్డ సూదులు ఏరుకునేది."

"ఆ కబుర్లు ఆఫీసులో చెప్పుకో."

పొట్లం కట్టి ఆఫీసుకు తెచ్చి ఇంజనీరమ్మ బల్ల మీద పెట్టాడు. పొట్లం విప్పీ విప్పకముందే అది బల్ల మీది కాగితాల క్లిప్పులన్నిటినీ లాక్కుంది. ఆవిడ సంగతంతా వింది.

"వాళ్ల డాబా మీద సోలార్ పలకలున్నాయా బాబాయ్?"

"ఏవో నల్లటి అద్దాలున్నాయి."

"అవే. ప్రభుత్వం సగం ఖర్చు భరించి పెట్టిస్తోంది. ఆవిడ వాడుకోగా మిగిలిన కరెంటు మన తీగల్లోకి వస్తుంది, అంకె తగ్గుతుంది. శిక్షణలో చెప్పాం కదా!"

శిక్షణ రోజు ఆయన సంతకం పెట్టి, వెనక వరసలో హాయిగా కునుకు తీశాడు.

"అంటే... ఆవిడే మనకి కరెంటు ఇస్తోందా?"

"ఈ ఫ్యాను తిప్పేది ఆవిడ కరెంటేనేమో, ఎవరికి తెలుసు!"

డేగ తలెత్తి ఫ్యాను వంక చూశాడు. ఇక దాని కింద కూర్చోబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం వెళ్లేసరికి దర్జీ ఆవిడ నేల మీద వంగి సూదులు వెతుక్కుంటోంది. ఆయన పక్కనే చతికిలబడి, వెనక్కి తెచ్చిన అయస్కాంతంతో ఏరడం మొదలుపెట్టాడు.

"తప్పయిపోయిందమ్మా."

"సరేలెండి. ఆ మూల కూడా ఏరండి."

ఏరాక డాబా ఎక్కి పలకల చుట్టూ గంటసేపు తిరిగాడు. వారం తిరక్కుండా తన ఇంటికీ దరఖాస్తు పెట్టుకున్నాడు. ప్రభుత్వం తొందరగానే ఒప్పుకుంది. బట్టలు ఆరేసుకునే చోటు పోతుందని భార్య మాత్రం ఇంకో నెల ఒప్పుకోలేదు.

పలకలు పెట్టిన మొదటి నెల, తలదువ్వుకుని మరీ తన మీటరు ముందు నిలబడ్డాడు. అంకె తగ్గలేదు సరికదా, పెరిగింది! లోపలికి పరిగెత్తాడు. ఎవరూ లేని గదుల్లోనూ ఫ్యాన్లు తిరుగుతున్నాయి. భార్య కర్టెన్లకు ఇస్త్రీ చేస్తోంది.

"ఎందుకే ఇదంతా?"

"మన ఎండ మనం వాడుకోకుండా ఊళ్లోవాళ్లకి పంపడమెందుకండీ?"

డేగ బయటికొచ్చి, ఉన్న అంకె ఉన్నట్టే రాసుకున్నాడు.